రెండో అంకె

కోవెంట్రీలో పదకొండేళ్ళు ఇటుకలు మోశాను. అక్కడ ఓటు వెయ్యడం నాకు నచ్చేది. ఒక పేరు ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టి బయటికొస్తాం. మిగతావాళ్ళు మనకేమీ కారు.

మా ఐర్లండ్‌లో అలా కుదరదు. కాగితం మూరెడు పొడుగుంటుంది. పేర్లు అక్షరక్రమంలో, పక్కన ఫొటోలు. ఎక్కువ ఇష్టమైనవాడికి ఒకటి, తర్వాతివాడికి రెండు, అలా ఓపికున్నంత వరకు అంకెలు వేసుకుంటూ పోవచ్చు. మనం ఒకటి వేసినవాడు ఓడి తప్పుకుంటే మన కాగితం బుట్టలోకి పోదు. రెండు వేసినవాడి దొంతరలోకి పోతుంది. వాడూ తప్పుకుంటే మూడు వేసినవాడికి.

నేను ఒకటి వేసి పెన్సిలు కింద పెట్టేవాణ్ణి. నా భార్య ఊనా అట్టడుగుదాకా వేసేది. ఓటింగు జరిగే బడి గుమ్మంలో ఆమె కోసం నిలబడి నా కాళ్ళు పీకేవి. ఆ దొంగకి కూడా అంకె వేశావా అని అడిగితే, వేశాను, వాడికి అందరికన్నా చివరి అంకె వేశాను, నువ్వయితే వాణ్ణి అసలు చూడనే లేదు, ఇద్దరిలో ఎవరు గట్టిగా తిట్టినట్టు అనేది.

ఊనా పోయి రెండేళ్ళు దాటింది.

మా క్లూన్‌మోర్ నుంచి పట్నానికి సరస్సు పక్కగా ఒకటే దగ్గరి రోడ్డు. చలికాలంలో నీళ్ళు ఒడ్డు దాటి రోడ్డెక్కుతాయి. ఒక్కోసారి నెలయినా దిగవు. ఆ జనవరిలో, భోజనాల వేళ, ఆమె వంటింట్లో పడిపోయింది. ఆంబులెన్సు అవతలి అంచున ఆగి, వెనక్కి తిరిగి, కొండ చుట్టి వచ్చింది. వచ్చేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు. ఈలోగా వచ్చింది ఒక్కతే. ఊళ్ళు తిరిగే నర్సు డెర్వ్లా కీవనీ. కారు నీళ్ళ అంచున వదిలేసి, సంచీ నెత్తిన పెట్టుకుని, నడుములోతు నీళ్ళలో నడిచి వచ్చింది. ఊనా చెయ్యి పట్టుకుని చివరిదాకా కూర్చుంది. ఆమె బట్టల నుంచి కారిన నీళ్ళు నేనే తుడిచాను.

అంతకు ముందు ఏడాది ఆ రోడ్డు ఎత్తు పెంచాలని కౌంటీ కౌన్సిల్లో తీర్మానం పెట్టారు. ఒక్క ఓటు తక్కువై పోయింది. మా కౌన్సిలర్ కోల్మన్ బర్క్ ఆ రోజు సభలో లేడు. ఎక్కడో అంత్యక్రియలకు వెళ్ళాడు. అతని రాజకీయమంతా శవాల దగ్గరే నడుస్తుంది. జిల్లాలో ఎవరు పోయినా శవపేటిక పక్కన ముందు అతని చెయ్యే కనిపిస్తుంది.

ఊనా పేటిక దగ్గరికీ వచ్చాడు. వెంటబెట్టుకొచ్చింది జార్లత్ టాన్సీ. జార్లత్ నా పొలం గట్టు పక్కవాడు. యాభై ఏళ్ళు ఒకరి గడ్డి ఒకరం కోసిపెట్టుకున్నాం. అతనిది కోల్మన్ పార్టీ. ఆ ఇంట్లో తాతల నాటి అంతర్యుద్ధం నుంచి వేరే పార్టీకి ఓటు పడలేదు. కోల్మన్ నా భుజం మీద చెయ్యి వేసి, రోడ్డు సంగతి నేను చూస్తాను మర్టీ అన్నాడు. జార్లత్ తలూపాడు. ఇద్దర్నీ బయటికి నడవమన్నాను. ఆ తర్వాత జార్లత్‌తో నేను మాట్లాడలేదు. ఒకసారి నా ఆవులు కంచె తోసుకుని అతని పొలంలో పడ్డాయి. అతను తోలుకొచ్చి గేటు వేసి వెళ్ళాడు. థాంక్స్ కూడా చెప్పలేదు నేను.

ఈ జూన్ ఎన్నికల్లో డెర్వ్లా నిలబడింది. ఏ పార్టీ లేదు. రోడ్డు తప్ప ఇంకో మాట లేదు. కోల్మన్ కుర్చీలో ఆమె కూర్చుంటే ఆ ఒక్క ఓటు ఇటు వస్తుంది, రోడ్డు లేస్తుంది. లేకపోతే ఇంకో ఐదేళ్ళు. మా ఊళ్ళో డెబ్భై దాటినవాళ్ళు ఇరవై మందికి పైనే ఉన్నారు. వాళ్ళకి ఐదు చలికాలాలు.

నేను ఆమె వెంట ఇళ్ళిళ్ళూ తిరిగాను. తలుపు తీసినవాళ్ళు నా మొహం చూసి వెనక్కి తగ్గేవారు.

"మర్టీ గారూ, కాస్త నవ్వండి. మీరు అప్పు వసూలుకి వచ్చారనుకుంటున్నారు," అంది డెర్వ్లా.

మా దగ్గర గుమ్మంలో ఓటు అడిగే పద్ధతి ఒకటుంది. ఒకటి వేరేవాళ్ళకి అని ఇంటివాళ్ళు చెబితే, పోనీ రెండయినా ఇవ్వండి అని అడగాలి. రెండూ ఇచ్చేశామంటే మూడు. నేను అడగలేదు. ఒకటి లేదన్నవాడికి సెలవు చెప్పి గేటు దిగేవాణ్ణి. డెర్వ్లా వెనకబడి వాళ్ళతో మాట్లాడి వచ్చేది. జార్లత్ గేటు ముందు మాత్రం ఇద్దరం ఆగిపోయాం. వెళ్ళి రెండో అంకె అడగమంది నన్ను.

"ఒకటి ఇవ్వనివాడి రెండు నాకెందుకమ్మాయ్?"

"మీకెందుకూ అక్కర్లేదు. రోడ్డుకి కావాలి."

నేను కదల్లేదు. ఆమె ఒక్కతే లోపలికెళ్ళింది. ఐదు నిమిషాల్లో వచ్చింది. ఏమన్నాడని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

అప్పటికే జార్లత్, ఎవరికి ఏ అంకె వెయ్యాలో చెప్పే తన పార్టీ కార్డులు పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాడు. వాళ్ళది పెద్ద లెక్క. కోల్మన్‌కి తోడుగా గ్రానియా స్కాలీ అనే కొత్తమ్మాయిని నిలబెట్టి నియోజకవర్గాన్ని గొడ్డలితో చీల్చినట్టు పంచుకున్నారు. పట్నం వైపు కోల్మన్‌కి ఒకటి, గ్రానియాకి రెండు. మా సరస్సు వైపు గ్రానియాకి ఒకటి, కోల్మన్‌కి రెండు. ఓట్లు సమంగా పడితే ఇద్దరూ గెలుస్తారు. ఒకరు ఓడినా ఆ ఓట్లు పార్టీ ఇంట్లోంచి బయటికి పోవు. కార్డు మీద అంకెలు ఎర్రగా అచ్చువేశారు. కోల్మన్ ఫొటోలో జుట్టంతా నల్లగా ఉంది. ఆ ఫొటో తీసినప్పుడు గ్రానియా బడికి కూడా వెళ్ళి ఉండదు.

శుక్రవారం ఓటింగ్. శనివారం ఉదయం పట్నంలో ఆటల హాల్లో లెక్కింపు.

బల్లల చుట్టూ నడుమెత్తు ఇనుప కంచె. అవతల లెక్కించే సిబ్బంది. ఇవతల మాలాంటివాళ్ళు. పెట్టె బోర్లించి కాగితాలు ఒక్కొక్కటే విప్పి పేరుస్తుంటే, కంచె మీదికి వంగి ఒకటి ఎవరికుందో చూసి గీతలు పెట్టుకోవాలి. కాగితాలు జోరుగా పోతాయి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకని ఎంత పగ ఉన్నా ఒక పార్టీవాడు చదువుతాడు, ఇంకో పార్టీవాడు గీతలు పెడతాడు. మధ్యాహ్నానికి అన్ని పెట్టెల లెక్కలూ కలుపుకుని ఎవరు గెలుస్తారో చెప్పేస్తారు. ఇది ఎక్కడా రాసిపెట్టలేదు. కానీ తప్పినవాణ్ణి మళ్ళీ ఎవరూ కంచె దగ్గరికి రానివ్వరు.

క్లూన్‌మోర్ పెట్టె తెరిచేసరికి కంచె దగ్గర నేనూ జార్లతూ. మూడోవాడు లేడు. జార్లత్‌కి కంట్లో పొర. దూరం ఆనదు. పెన్సిలు తీశాడు. అంటే నేను చదవాలి.

"గ్రానియా," అన్నాను. రెండేళ్ళ తర్వాత అతనితో నేనన్న మొదటి మాట అది. అతను గీత పెట్టాడు.

"గ్రానియా. డెర్వ్లా. గ్రానియా. గ్రానియా. కోల్మన్. డెర్వ్లా."

పెట్టె సగమయ్యేసరికి లెక్క తేలిపోయింది. నీళ్ళలో నడిచివచ్చిన మనిషికి ఒక కాగితం పడితే, ఎవరో తెలియని అమ్మాయికి రెండు పడుతున్నాయి. ఇదీ మా ఊరు.

మధ్యలో కొన్ని కాగితాలు సిబ్బంది పక్కన పెట్టారు. నిన్ననే యూరప్ పార్లమెంటుకీ ఓటింగు జరిగింది. ఒకేసారి రెండు కాగితాలు, రెండు రంగులు. మా ఊళ్ళో కొందరు పెద్దవాళ్ళు మొదటి కాగితం మీద ఒకటి, రెండు, మూడు వేసి, రెండోదాని మీద నాలుగు నుంచి మొదలుపెట్టారు. ఒకే మనిషి, ఒకే పెన్సిలు, లెక్క మధ్యలో ఎందుకు తెగాలి అనుకున్నారు. అలాంటివి ఆరో ఏడో. వాటిలో మూడింటి మీద నాలుగో అంకె డెర్వ్లా పేరు పక్కనే ఉంది.

నేను అధికారిణిని పిలిచాను. చిన్న వయసు పిల్ల. నాలుగంటే వాళ్ళ ఉద్దేశం ఒకటే అని, ఏ గుడ్డివాడికయినా తెలుస్తుందని చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, ఒకటి లేని కాగితం ఓటు కాదండీ అంది.

"ఆవిడన్నది నిజం. వదిలెయ్," అన్నాడు జార్లత్.

"నీకు లాభం కాబట్టి వదిలెయ్యమంటావు."

"అందులో గ్రానియావీ ఉన్నాయి. కళ్ళున్నవాడివి నువ్వే కదా, చూడు."

చూశాను. ఉన్నాయి. నేను మళ్ళీ చదవడం మొదలుపెట్టాను.

సాయంత్రం మొదటి రౌండు ప్రకటించారు. ఐదు సీట్లు. డెర్వ్లా ఏడో స్థానం. కోల్మన్ ఐదు. ఇద్దరికీ మధ్య మూడు వందల చిల్లర. నేను కోటు తీసుకున్నాను. డెర్వ్లా అప్పుడే డ్యూటీ ముగించుకుని వచ్చింది, నర్సు చెప్పులతోనే. అంకెలు చూసి, ఎక్కడికి అని అడిగింది. అయిపోయింది కదా అన్నాను. రోగి ఇంకా ఊపిరి పీలుస్తుంటే మీరు సమాధి తవ్వడానికి వెళ్తారేంటి అంది. రేపు పొద్దున్నే రమ్మంది.

ఆదివారం వచ్చాను. ఆమె కోసం వచ్చాను, ఆశతో కాదు.

అడుగునున్నవాళ్ళని ఒక్కొక్కరిగా తప్పిస్తూ వాళ్ళ కాగితాలు పైవాళ్ళకి పంచుతున్నారు. ఒకడి ఓట్లు ఇటు పదీ అటు ఇరవై. డెర్వ్లా అంగుళం అంగుళం పాకుతోంది. మధ్యాహ్నానికి నాలుగు సీట్లు నిండాయి. ఒక సీటు మిగిలింది. మనుషులు ముగ్గురు. కోల్మన్, డెర్వ్లా, అందరికన్నా అడుగున గ్రానియా. ఇక తప్పుకోవలసింది గ్రానియాయే. కోల్మన్ ఇంకా రెండు వందల పైచిలుకు ముందున్నాడు. గ్రానియా కాగితాలు తన పార్టీవి, ఇంటికే వస్తాయి. అతను అప్పటికే టై సర్దుకుని పత్రిక వాళ్ళతో మాట్లాడుతున్నాడు. అతని మనుషులు అతన్ని భుజాల మీద ఎక్కించుకోవడానికి బలమైనవాళ్ళని చూసుకుంటున్నారు.

గ్రానియా దొంతరని బల్ల మీదికి తెచ్చి పంచడం మొదలుపెట్టారు. ఒక గూడు కోల్మన్‌ది. ఒకటి డెర్వ్లాది. మూడోది ఇంకే అంకె వెయ్యని కాగితాలకి, అంటే నాలాంటివాళ్ళవి.

నేను చూడదలచుకోలేదు. కంచెకి వీపు ఆనించి నిలబడ్డాను. డెర్వ్లా నా మోచెయ్యి పట్టుకుని ఇటు తిప్పింది.

కాగితం డెర్వ్లా గూట్లో పడింది. తర్వాతిదీ. తర్వాతిది కోల్మన్‌ది. మళ్ళీ డెర్వ్లా, డెర్వ్లా, డెర్వ్లా. సిబ్బందిలో ఒకావిడ ఆ గూడు నిండిపోయిందని కట్ట కట్టి పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. హాల్లో ఒక్కొక్కరే మాట ఆపి కంచె దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

గ్రానియా ఒకట్లలో సగానికి పైగా మా సరస్సు వైపువి. కార్డు ప్రకారం వాటి మీద రెండో అంకె కోల్మన్‌ది. ఆ వైపు కార్డులు పంచింది జార్లత్.

అతను కంచె చివర ఒక్కడే నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్ళాను.

"ఏం చేశావు?" అన్నాను.

"కార్డులు పంచాను."

"కార్డు మీద ఇలా లేదు."

అతను కాసేపు బల్లవైపు చూశాడు. అతనికి ఆ దూరం ఆనదు. ఊరికే చూశాడు.

"ప్రతి గుమ్మంలోనూ కార్డు చేతిలో పెట్టాను. ఒకటి పార్టీ చెప్పినట్టు వెయ్యండి అన్నాను. రెండోది వేసేముందు మాత్రం నీళ్ళలో నడిచింది ఎవరో ఒకసారి గుర్తుతెచ్చుకోండి అన్నాను. అంతే."

"మరి ఒకటో అంకే డెర్వ్లాకి ఇమ్మని చెప్పి ఉండొచ్చుగా? ఇంత డొంకతిరుగుడు దేనికి?"

"ఒకటి మా నాన్నది, మర్టీ. మా తాతది. దాన్ని ఇచ్చే హక్కు నాకు లేదు. రెండోది నాది."

అతను పెన్సిలు చెవి వెనక దోపుకున్నాడు.

"నిన్న పెట్టె దగ్గరే నీకు కనబడుతుందనుకున్నాను," అన్నాడు. "కాగితం చదివింది నువ్వే. రెండు ఎక్కడుందో ఒక్కసారయినా చూశావా? నీకు చిన్నప్పటినుంచీ ఒకటి తర్వాత లెక్క రాదు."

ఒకే బల్ల మీద చదువుకున్నాం. నాకు లెక్కలు రావన్నది అబద్ధం.

కోల్మన్ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది, నవ్వు మాత్రం అలాగే అతికించి ఉంది. క్లూన్‌మోర్‌లో కార్డులు ఇళ్ళకి చేరాయా అని జార్లత్‌ని అడిగాడు. ఒక్క ఇల్లూ వదల్లేదన్నాడు జార్లత్. మరి ఇదేమిటన్నాడు కోల్మన్.

"జనం, కోల్మన్. వాళ్ళకి అంకెలు వచ్చు."

కోల్మన్ అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. తర్వాత నా వైపు చెయ్యి చాచాడు. అది అతనికి అలవాటు. ఎదురుగా మనిషుంటే చెయ్యి దానంతటదే లేస్తుంది. నేను జేబులోంచి చెయ్యి తియ్యలేదు. ఇంకో చోటయినా, ఇంకో ఏడాదయినా తియ్యను.

రౌండు ప్రకటించారు. డెర్వ్లా ఇరవై ఎనిమిది ఓట్లు ముందుంది. కోల్మన్ మళ్ళీ లెక్కించమన్నాడు. అది అతని హక్కు. సోమవారం పొద్దున్నుంచి కాగితాలన్నీ మళ్ళీ తిరగేశారు. పక్కన పెట్టిన కాగితాల్ని కూడా తెప్పించాడు. పట్నం వైపు కూడా నాలుగు నుంచి మొదలుపెట్టినవాళ్ళున్నారు, వాటిలో అతనివే ఎక్కువ. అధికారిణి నాతో అన్న మాటే అదే గొంతుతో అతనితోనూ అంది. ఒకటి లేని కాగితం ఓటు కాదండీ. నిన్నగాక మొన్న ఆ పిల్ల మీద నాకున్న కోపం అక్కడితో పోయింది. ఇరవై ఎనిమిది ఇరవై ఆరయింది. అక్కడ ఆగింది.

మధ్యాహ్నం అధికారిణి మైకు ముందుకి వెళ్ళి డెర్వ్లా పేరు చదివింది. గెలుపుకి కావలసిన ఓట్ల కోటా నిండకుండానే, పోటీలో చివరికి మిగిలినందున ఎన్నికైనట్టు ప్రకటిస్తున్నానంది. కోటా నిండితేనేం, నిండకపోతేనేం. కుర్చీ కుర్చీయే. డెర్వ్లాని ఎత్తుకుందామని ఎవరో వస్తే, నడుం పట్టేస్తే మీకు కట్లు కట్టాల్సింది నేనే అని వెనక్కి పంపింది. వేదిక ఎక్కి రెండు మాటలు చెప్పింది. సెప్టెంబరు సమావేశంలో రోడ్డు తీర్మానం పెడతానని, ఆ రోజు జిల్లాలో ఎవరు చనిపోయినా తాను మాత్రం సభలోనే ఉంటానని. జనం నవ్వారు. కోల్మన్ కూడా నవ్వాల్సి వచ్చింది. దిగి వచ్చి నా ఎదురుగా నిలబడింది. నా కోటు కాలరు సరిచేసి, మధ్యాహ్నం ఇద్దరికి ఇంజెక్షన్లున్నాయంటూ వెళ్ళిపోయింది.

హాలు ఖాళీ అయింది. బయట మెట్ల మీద జార్లత్ కూర్చుని ఉన్నాడు. మూడు రోజులూ కోల్మన్ కారులోనే వచ్చాడు. ఆ కారు వెళ్ళిపోయింది. బస్సు బుధవారం గానీ లేదు.

"ఎక్కు," అన్నాను.

ఎక్కాడు. పట్నం దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పార్టీ ఆఫీసులో ఇక అతనికి కుర్చీ ఉండదు. నలభై ఏళ్ళు కార్డులు పంచినవాడు.

"మాట్లాడుతున్నావంటే క్షమించినట్టేనా?" అన్నాడు.

"లేదు."

"సరే," అన్నాడు. కిటికీ వైపు నుంచి తిరిగి, "రెండోదయినా ఇస్తావా?" అన్నాడు.

నవ్వు రాలేదు నాకు. వచ్చినా అతనికి కనబడనివ్వను. కారు సరస్సు పక్కకి దిగింది. జూన్ కదా, రోడ్డు పొడిగా ఉంది. రెండు వైపులా గడ్డి నడుమెత్తు పెరిగింది. పల్లపు చోట కారు ఆపి దిగాను. ఎందుకు దిగానో తెలియదు. అతనూ దిగాడు. కంచె రాళ్ళ మీద చలికాలం నీళ్ళు వదిలిన బూడిదరంగు చార ఇంకా ఉంది. జార్లత్ దగ్గరికి వెళ్ళి వేలితో తడిమి, తన నడుముతో పోల్చి చూసుకున్నాడు.

"నాలుగడుగులు లేపితే చాలు," అన్నాడు.

చాలదు, ఐదు కావాలన్నాను. ఒక చెడ్డ ఏడాది వస్తే నాలుగడుగుల మీద ఆంబులెన్సు కాదు, బాతు కూడా నడవలేదన్నాను. అంత ఎత్తు లేపితే నీళ్ళు తన పొలం మీద పడతాయన్నాడు. కింద తూములు పెట్టిస్తే పడవన్నాను. తూముల గురించి నీకేం తెలుసు, కోవెంట్రీలో మోసింది ఇటుకలు అన్నాడు. అతను అడుగులు కొలుస్తూ అటు నడిచాడు. నేను ఇటు నుంచి కొలవడం మొదలుపెట్టాను. మా వెనక పాల ట్యాంకరు వచ్చి ఆగి, హారన్ కొట్టి, మేం కదలకపోయేసరికి డ్రైవరు తల బయటపెట్టి, మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా అని అడిగాడు.

లేదు, రోడ్డు వేస్తున్నాం అన్నాడు జార్లత్.

కారు పక్కకి తీశాను. డెర్వ్లాకి మాత్రం ఐదడుగులనే చెప్తాను.